ఓడ మీద పద్దెనిమిది సంతకాలు

పటాన్‌చెరు: నీలిరంగు కరపత్రం

మా దుకాణం ముందున్న రోడ్డు పట్టుకుని పడమటికి పోతూనే ఉంటే బొంబాయి వస్తుంది. ఆ రోడ్డు పక్కన కూర్చుని పదకొండేళ్లుగా శిరిడీకీ, తిరుపతికీ, కాశీకీ జనాన్ని పంపిస్తున్నాను. సముద్రం మీదికి మాత్రం నేనూ పోలేదు, ఎవరినీ పంపలేదు. ఈ ఏడు వానలు వెనకబట్టాక ఆ ముచ్చటా తీరింది. బొంబాయిలో ఓడ ఎక్కి, లక్షద్వీప్‌లో ఒక దీవి చూసి, మళ్లీ బొంబాయిలో దిగడం. నాలుగు రాత్రులు. నాతో పద్దెనిమిది మంది.

తిరిగొచ్చినప్పటి నుంచీ దుకాణానికి వచ్చేవాళ్లంతా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాంతులయ్యాయా, ఓడ ఊగిందా, అన్నం పెట్టారా అని. అసలు సంగతి అడిగేవాళ్లు లేరు. అది కొంచెం సిగ్గుపడే సంగతి, పైగా సిగ్గుపడాల్సింది నేనే. ఎలాగూ రాస్తున్నాను కాబట్టి మొదట్లోనే చెప్పేస్తాను.

సంగారెడ్డిలో కోర్టు వెనక ప్రెస్సులో కరపత్రాలు అచ్చు వేయించాను. ముందువైపు నీలి నీళ్లు, తెల్లటి ఇసుక, ఒక కొబ్బరిచెట్టు. వెనకవైపు ఖాళీ. ఆ ఖాళీలో వేయాల్సినవి నా సొరుగులో ఉన్నాయి. ఓడవాళ్లు ఇంగ్లీషులో పంపిన పద్నాలుగు పేజీల నియమాలు. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివించుకున్నాను. పదకొండో నియమం ఏమంటుందంటే, సముద్రం బాగా లేకపోతే ఓడ దీవి దగ్గర ఆగకపోవచ్చు, నిర్ణయం కెప్టెన్‌ది, దానికి ఏమీ వాపసు ఇవ్వరు. అర్థమైంది. అర్థమైందనే కింద సంతకం పెట్టాను. ఇది చెబితే ఎవరొస్తారని సొరుగు మూశాను.

వెలిమెల నుంచి అంజిరెడ్డి పెద్దనాయన, సత్తెమ్మ పెద్దమ్మ వచ్చారు. మా అమ్మవాళ్ల ఊరివాళ్లే. పెద్దనాయన ఓడ ఎంత పొడుగు, ఎన్ని అంతస్తులు, మునిగితే ఎట్లా అని గంటసేపు అడిగాడు. పెద్దమ్మ కరపత్రం మీద నీళ్లను వేలితో తడిమి ఒక్కటే అడిగింది.

"కాళ్లు తడుస్తయా బిడ్డా? అరవై రెండేండ్లొచ్చినయ్, సముద్రం సూడలే."

"మోకాళ్ల దాక తడుస్తయి పెద్దమ్మా," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

బొంబాయి రేవు: పావుగంట విందు

రేవులో సామాను యంత్రం గుండా పోనిస్తారు. మావాళ్ల సంచులు పోతుంటే తెర ముందు కూర్చున్న అతని ముఖం మారిపోయింది. ఒక ఇస్త్రీ పెట్టె, రెండు నీళ్లు కాచే కెటిళ్లు, మూడు రకాల పచ్చళ్లు, ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు, మరో డబ్బాలో సర్వపిండి. కరెంటు సామాను తీసుకుని చీటీ ఇచ్చారు, దిగేటప్పుడు తీసుకోవచ్చట. ఇంటి తిండి మాత్రం లోపలికి రాదు, పక్కనున్న డబ్బాలో పారేయాలి అన్నారు.

"బాహర్ కా ఖానా అలవ్ నహీ," అన్నాడతను.

"బాహర్ కా కాదయ్యా, ఘర్ కా హై," అన్నాడు పెద్దనాయన.

ఒక కెటిల్ సుబ్బారావు గారిది. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. నలభై ఏళ్ల కింద ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టర్‌గా చేరి, చాలాకాలం యూనియన్ కార్యదర్శిగా ఉండి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. పొద్దున్నే తన చేత్తో కాఫీ కలుపుకోకపోతే ఆయనకు రోజు మొదలు కాదు. ఆయన చీటీని రెండుసార్లు చదివి, మీద ముద్ర లేదని వెనక్కిచ్చి, ముద్ర వేయించుకుని జేబులో పెట్టుకున్నారు.

తిండి సంగతి పెద్దమ్మ తేల్చింది. "పారేసుడేంది? తినే పోదం." అంతే, అందరం అక్కడే నేల మీద వరసగా కూర్చున్నాం. పావుగంటలో సర్వపిండి మాయం, సకినాలు సగం. మిగిలిన సగం పెద్దమ్మ యంత్రం దగ్గరికి తీసుకుపోయి కాపలావాళ్ల చేతుల్లో పోసింది. అంతసేపూ వద్దు వద్దన్న అతను ఒకటి కొరికి, ఇది ఏ పిండితో చేస్తారని నన్ను అడిగాడు.

మొదటి రోజు: నారింజరంగు చొక్కాలు

ఓడ కదిలే ముందు అందరికీ ప్రమాదపు కసరత్తు ఉంటుంది. గంట మోగగానే చెప్పిన చోటికి పోయి, నారింజరంగు తేలే చొక్కా ఎలా కట్టుకోవాలో నేర్చుకోవాలి. మిగతా జనం ఫొటోలు తీసుకుంటున్నారు. సుబ్బారావు గారొక్కరే పట్టీలు బిగించి, ఈల ఎక్కడుందో చూసుకుని, పక్కన ఉన్న గుజరాతీ కుటుంబానికి కూడా బిగించారు. "మా ప్లాంట్‌లో నెలకోసారి చేసేవాళ్లమమ్మా ఇది. నవ్వుకున్నోళ్లే మెట్ల మీద పడేవాళ్లు," అన్నారు నాతో.

ఆ సాయంత్రం బొంబాయి మేడలు చిన్నవైపోతుంటే పెద్దమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. చీకటి పడ్డాక, "గిదంత ఎవలిది?" అని అడిగింది. ఎకరాల లెక్కన బతికిన ఊరిమనిషి. ఎవరిదీ కాదంటే నమ్మలేదు.

రెండో రోజు: కాఫీ ధర, నిక్కరు నియమం

రెండో రోజంతా నీళ్లే. ఏమి చూడాలో తెలియక జనం తింటారు. భోజనం టికెట్టులోనే ఉంది, ఎన్నిసార్లయినా తినొచ్చు. కాని మంచి కాఫీ కావాలంటే విడిగా కొనాలి, ఒక కప్పు రెండు వందల ఇరవై. మా బస్టాండు దగ్గర ఆ ధరకు ఇరానీ చాయ్ మొత్తం గ్రూపుకు పోయించవచ్చు. సుబ్బారావు గారు ధరల పట్టిక చదివి, కెటిల్ చీటీని జేబులోంచి తీసి ఒకసారి చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకున్నారు.

ప్రతిదానికీ ఒక నియమం ఉంది. రాత్రి పెద్ద భోజనశాలకు నిక్కర్లతో రాకూడదు. లుంగీ సంగతి నియమాల్లో లేదు గనక పెద్దనాయన లుంగీతో వెళ్లాడు. ద్వారం దగ్గర ఉన్నతను కాసేపు ఆలోచించి వదిలేశాడు. ఈత కొలనులోకి ఈత దుస్తులతోనే దిగాలి, చీరతో దిగకూడదు. ఈ ఫిర్యాదులన్నీ వినడానికి అయిదో అంతస్తులో ఒక బల్ల, దాని వెనక సెలీన్ అనే గోవా అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. అన్నం పలుకుగా ఉందని ఒకరు, గదిలో చలిగా ఉందని ఒకరు, పక్క గదిలో గురక అని ఒకరు. గురకకు ఆమె ఏం చేస్తుంది? అయినా నవ్వుతూ రాసుకునేది. ఆ ఒక్కరోజే మావాళ్లు ఆరుసార్లు వెళ్లారు. నేను ప్రతిసారీ హిందీలో మధ్యవర్తిత్వం చేశాను.

మూడో రోజు: రాని దీవి

పొద్దున ఏడింటికి అందరం తయారు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని, తడిసినా పరవాలేదన్నట్టు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుంది. దీవి కనిపిస్తోంది. ఆకుపచ్చటి గీత, కింద తెల్లటి గీత. పెద్ద ఓడ ఒడ్డుదాకా పోలేదు, చిన్న పడవల్లోకి దిగి పోవాలి. కింద అలలు ఆ పడవలను గోడకేసి కొడుతున్నాయి.

ఎనిమిదింటికి కెప్టెన్ గొంతు వినిపించింది. అలల వల్ల దిగడం ప్రమాదం, దీవి రద్దు.

పదకొండో నియమం అక్షరం అక్షరం గుర్తొచ్చింది.

పద్దెనిమిది మందీ సెలీన్ బల్ల ముందుకు పోయారు. వెనక నేను. ఆమె అందరినీ చూసి, నేర్చుకున్న నవ్వు నవ్వి, చాలా విచారిస్తున్నామని మొదలుపెట్టింది.

"గట్ల నవ్వుతదేంది?" అంది పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని. "సెడ్డ కబురు జెప్పుకుంట నవ్వుతరా ఎవరన్నా?"

మా దగ్గర నిజంగానే నవ్వరు. బస్సు రద్దయిందని చెప్పాల్సి వచ్చినా నేను ముఖం వేలాడేసుకునే చెబుతాను. ముందు ముఖం చెబుతుంది, ఆ తర్వాతే నోరు. మావాళ్ల కంటికి ఆ నవ్వు ఎక్కిరింపులా కనపడింది.

"ముందుగా ఎందుకు చెప్పలేదని అడగమ్మా," అన్నారు సుబ్బారావు గారు. "మేం సముద్రంతో కొట్లాడట్లేదు. చెప్పకపోవడం గురించి అడుగుతున్నాం."

అడిగాను. సెలీన్ కంప్యూటర్‌లో చూస్తూ, "ఇది నియమాల్లో ఉంది సార్. మీ గ్రూపు తరఫున దాని మీద..." అని ఆగి, నావైపు చూసింది. తెర మీద ఉన్నది నా సంతకం. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. ఒక్క క్షణం అలాగే చూసి, సుబ్బారావు గారివైపు తిరిగి, "క్షమించండి. మేమే ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సింది," అంది.

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అదే నా పిరికితనం.

"విన్నారుగా! తప్పు ఒప్పుకున్నారు. అందరూ సాక్ష్యం," అన్నారు సుబ్బారావు గారు.

తర్వాత జరిగింది అచ్చంగా మా కర్మాగారాల పద్ధతి. కోపమొస్తే మా దగ్గర అద్దాలు పగలగొట్టరు, క్యాంటీన్ భోజనం బహిష్కరిస్తారు. వెయ్యి మంది తినకపోతే మేనేజ్‌మెంటు దిగివస్తుంది. అలాగే మధ్యాహ్న భోజనం మానేయాలని తీర్మానించారు. పద్దెనిమిది కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఓడలో ఎవరూ గమనించలేదు. పైఅంతస్తులో తింటున్నారేమో అనుకున్నారట వడ్డించేవాళ్లు. నాలుగింటికి టీతో పాటు మిరపకాయ బజ్జీలు పెట్టారు. అక్కడ పెద్దనాయన చేతిలో పళ్లెంతో సుబ్బారావు గారికి ఎదురుపడ్డాడు. ఆయన చేతిలోనూ పళ్లెం ఉంది.

ఇక మిగిలింది పిటిషన్. సుబ్బారావు గారు తెల్లకాగితం అడిగి తెచ్చుకుని రాశారు. దీవి తప్పింది అలల వల్ల, అందుకు ఎవరినీ అనడం లేదు. ముందుగా తెలియజేయకపోవడం తప్పు. ఆ తప్పు తమదేనని సెలీన్ గారు అందరి ముందు ఒప్పుకున్నారు. పైగా నవ్వారు. కింద పద్దెనిమిది సంతకాలు. "నువ్వు పెట్టనక్కర్లేదమ్మా, మధ్యలో ఉన్నదానివి," అన్నారు నాతో. మర్నాడు మధ్యాహ్నం ఇవ్వాలని ముహూర్తం.

నాలుగో రోజు: ఉప్పునీళ్ల కొలను

పొద్దున్నే పైకి వెళితే పెద్దమ్మ కమ్మీ దగ్గర ఒంటరిగా ఉంది. కిందికి వంగి నీళ్లవైపు చూస్తోంది. పక్కనే సెలీన్, ఇంకా డ్యూటీ బట్టల్లో లేదు. ఏం చూస్తున్నారని అడుగుతోంది, పెద్దమ్మకు అర్థం కావడం లేదు. నేను మధ్యలోకి వెళ్లాను.

"ఏం లేదు బిడ్డా. గిన్ని నీళ్ల మీద నాలుగు దినాల సంది ఉన్న, ఒక్క సుక్క అంటలే," అంది పెద్దమ్మ.

హిందీలో చెప్పాను. సెలీన్ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఈత కొలను దగ్గరికి తీసుకుపోయింది. చీరతో దిగకూడదన్న పలక అక్కడే ఉంది. దిగొద్దు, అంచున కూర్చుని కాళ్లు పెట్టుకోండి, ఇందులో నీళ్లు సముద్రంలోంచి తోడినవే అంది. పెద్దమ్మ కూర్చుంది. పాదాలు ముంచింది. వేలు తడిపి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగనే ఉన్నది," అంది. సెలీన్ పక్కనే గొంతుక్కూర్చుని ఆమె కాళ్లవైపే చూస్తోంది. ముఖంలో నవ్వు లేదు. అలసటగా ఉంది, ఆప్యాయంగానూ ఉంది.

"గిప్పుడు నవ్వదేంది?" అంది పెద్దమ్మ. అడిగాను. డ్యూటీ ఎనిమిదింటికి మొదలవుతుందని చెప్పింది సెలీన్.

అప్పుడు ఉండబట్టలేక, నిన్న నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు వీళ్లతో కలిసి ఇంటికి వెళ్లాలి. నాకు నాలుగు రోజులకోసారి కొత్త మనుషులు," అంది.

పిటిషన్ సంగతి చెప్పాను. ఆమె చెయ్యి కొలను అంచు మీద ఆగిపోయింది. పేరు రాసి ఇచ్చిన ఫిర్యాదు పైఆఫీసుకు పోతుందట. ఆమె కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది. మళ్లీ పిలవాలో వద్దో ఆ కాగితాలు చూసే తేలుస్తారు. చెల్లెలు నర్సింగు చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. ఇవన్నీ నేను అడిగితేనే చెప్పింది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

"ఏమంటున్నది?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు పెద్దమ్మా," అన్నాను. అనేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

పదకొండింటికి అందరూ పైఅంతస్తులో చేరారు. సుబ్బారావు గారు పిటిషన్ మడత విప్పి చివరిసారి చదువుతున్నారు. వీళ్లలో పదకొండు మంది వేసవిలో కాశీకి పేర్లిచ్చారు. దుకాణం నడిచేదే ఇలాంటివాళ్ల నోటిమాట మీద. అవన్నీ బుర్రలో తిరుగుతుండగానే లేచి నిలబడ్డాను.

"సార్, గా కాగితం ఇయ్యకుండ్రి, ఇస్తె సెలీన్ కొలువు వోతది. ఆమె తప్పు గాదు. దీవి తప్పొచ్చని నాకు ముందుగాలనే ఎరికె. కాగితాల ఉండె. సదివిన, సంతకం వెట్టిన. మీకు జెప్పలే. జెప్తె రారని జెప్పలే. నిన్న ఆమె నా పేరు జెప్పబోయి, నా మొకం జూసి ఆగింది."

"ఎరికుండే మా ముంగట గట్ల నిలబడ్డవా? మూడు దినాల సంది హిందీల మాట్లాడుకుంట?" అన్నాడు పెద్దనాయన. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పెద్దమ్మ నన్నే చూస్తోంది. "మోకాళ్ల దాక తడుస్తయని నువ్వే జెప్పినవ్ గద బిడ్డా," అంది. అంతే అంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సుబ్బారావు గారు కాగితాన్ని మోకాలి మీద పరుచుకున్నారు. చింపేస్తారనుకున్నాను. జేబులోంచి పెన్ను తీశారు. "పిటిషన్‌లో పేరు తప్పు పడింది. విషయం సరిగ్గానే ఉంది," అన్నారు. సెలీన్ పేరు కొట్టేసి, నవ్వారన్న వాక్యం కొట్టేసి, అక్కడ నా పేరు రాశారు. కింద రెండు డిమాండ్లు చేర్చారు. ఒకటి, ఇకముందు ఏ యాత్రకైనా నియమాలన్నీ తెలుగులో చదివి వినిపించాకే పేరు రాసుకోవాలి. రెండు, సత్తెమ్మ గారి కాళ్లు సముద్రంలో తడపాలి. అందరూ మళ్లీ సంతకాలు పెట్టారు. పెద్దమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టింది. ఇంకో కాగితం మీద నకలు రాసి నా ముందుంచారు.

"అందినదని రాసి సంతకం పెట్టమ్మా. అది లేకపోతే పిటిషన్ చెత్తబుట్టలోకే. నలభై ఏళ్లు చూశాను."

పెట్టాను. ఆ పద్నాలుగు పేజీల కింద కూడా ఇలాగే పెట్టాను.

సాయంత్రం గదికొక అభిప్రాయ పత్రం ఇచ్చారు. పెద్దనాయన చెప్పిన మాటనే సుబ్బారావు గారు ఇంగ్లీషులోకి మార్చి అన్నింటి మీదా ఒకే తీరుగా రాశారు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు నవ్వించకండి. మిగతాదంతా మంచిగున్నది. సెలీన్‌ను ఉంచాలె.

బొంబాయి: రెండో డిమాండు

దిగేటప్పుడు సుబ్బారావు గారు చీటీ ఇచ్చి కెటిల్ తీసుకున్నారు. సెలీన్ మెట్ల దగ్గర వరసలో నిలబడి అందరికీ వీడ్కోలు చెబుతోంది, డ్యూటీ నవ్వుతో. పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు తీసేసి రెండు చేతులూ పట్టుకుంది. ఆమెను మళ్లీ పిలిచారో లేదో నాకు తెలియదు. నంబరు అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

మా రైలు మధ్యాహ్నం. టాక్సీలు మాట్లాడి చౌపాటీకి తీసుకుపోయాను. నీళ్లు కరపత్రంలో ఉన్నంత నీలంగా లేవు. ఇసుకలో బఠాణీల కాగితాలు. పెద్దమ్మ చెప్పులు నా చేతికిచ్చి నడిచిపోయింది. మొదటి అల చీలమండల దగ్గర ఆగింది. ఆమె ఇంకో నాలుగు అడుగులు వేసింది. తర్వాతి అల మోకాళ్లు దాటి చీరను నడుము దాకా తడిపితే, ఆమె ఒక్క కేక వేసి పెద్దనాయన భుజం పట్టుకుంది.

"తడిసినయా పెద్దమ్మా?" అని అరిచాను.

"గిప్పుడు తడిసినయ్!"

ఒడ్డున సుబ్బారావు గారు నకలు తీసి రెండో డిమాండు పక్కన టిక్కు పెట్టారు.

మళ్లీ దుకాణంలో

కాశీకి పేర్లిచ్చిన పదకొండు మందిలో ఏడుగురు మానుకున్నారు. పెద్దనాయన ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే తలూపుతాడు, ఆగడు. అది నాకు దక్కాల్సిందే. పిటిషన్‌ను శిరిడీ బస్సు ఫొటో పక్కన గోడకు అంటించాను. మా అమ్మాయి చేత పద్నాలుగు పేజీలూ తెలుగులో రాయించి సొరుగులోంచి బల్ల మీదికి తెచ్చాను.

మొన్న మంగళవారం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సత్తెమ్మ పెద్దమ్మ. వెంట వెలిమెల ఆడవాళ్లు ముగ్గురు. ఓడ మళ్లీ ఎప్పుడు పోతుందని అడగడానికి వచ్చారట. ఒకామె బల్ల మీదున్న కరపత్రం తీసుకుని నీలి నీళ్లు చూడబోయింది. పెద్దమ్మ దాన్ని ఆమె చేతిలోంచి తీసి బోర్లా పెట్టింది.

"ముందుగాల కూసోండ్రి. ఏమేం గాదో ఈ బిడ్డ సదువుతది, ఇనుండ్రి. అయ్యేటియి తర్వాత సూద్దురు."

వాళ్లు కూర్చున్నారు. పెద్దమ్మ కూడా వాళ్ల పక్కనే కూర్చుని నా ముఖంలోకి చూసింది. నేను కాగితాలు తీసి, నవ్వకుండా, పదకొండో నియమంతో మొదలుపెట్టాను.